లిబ్బీ జైల్లో అతిథి మర్యాదలా?

‘అమెరికా అంతర్యుద్ధంలో పట్టుబడ్డ ఆఫీసర్లను రెండు పక్షాలూ అతిథుల్లా చూసుకున్నాయి’ అన్న మెసేజ్ తెలిసినవాళ్లంతా పంపుతూనే ఉన్నారు. ఒక్కరైనా చదివి పంపుతున్నారా?

కాన్ఫెడరేట్ల (అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) రాజధాని రిచ్మండ్‌లోని లిబ్బీ జైలు ఒకప్పుడు గోదాము. అందులో వెయ్యికి పైగా యూనియన్ (ఉత్తరాది ప్రభుత్వ పక్షం) ఆఫీసర్లను కుక్కారు. రాత్రి కటిక నేల మీద అందరూ ఒకే వైపు ఒత్తిగిలి, ఒకరినొకరు ఆనుకుని పడుకునేవారు. పక్క తిరగాలంటే కేకేసి వరస మొత్తం ఒకేసారి తిరగాలి. కిటికీ దగ్గర తల కనిపిస్తే కాపలావాళ్లు కాల్చేవారు. 1864 ఫిబ్రవరిలో 109 మంది సొరంగం తవ్వి పారిపోయారు. అతిథులెవరైనా అలా వెళ్తారా?

‘ఆఫీసర్ల ప్రాణాలకు ఢోకా లేదు’ అట. తమ కెప్టెన్లు ఇద్దరిని యూనియన్ కాల్చి చంపిందని, బదులుగా ఇద్దరిని చంపడానికి 1863 జులైలో అదే జైల్లో కాన్ఫెడరేట్లు యూనియన్ కెప్టెన్ల పేర్లతో చీటీలు తీశారు. హెన్రీ సాయర్, జాన్ ఫ్లిన్ పేర్లు వచ్చాయి. వాళ్లను చంపితే తన చేతిలో బందీగా ఉన్న కాన్ఫెడరేట్ సేనాని రాబర్ట్ లీ కొడుకునీ వదలనని యూనియన్ బెదిరించింది కాబట్టే బతికారు.

మెసేజ్‌లోని కాఫీ, పొగాకు ఇచ్చిపుచ్చుకున్న కథ, ఎదురెదురుగా కాపలా కాసిన రెండు పక్షాల సిపాయిలది. ఖైదీలకు సంబంధం లేదు.

‘లింకన్ మొండితనం వల్లే బందీల మార్పిడి ఆగింది’ అన్న మాటకు మాత్రం ఒళ్లు మండింది. 1862 జులై ఒప్పందంలో కెప్టెన్‌కు ఆరుగురు సిపాయిలు, కల్నల్‌కు 15 మంది అని లెక్క. కొన్నాళ్లు అది బాగానే నడిచింది కూడా. తర్వాత యూనియన్ సైన్యంలో నల్లజాతివాళ్లు చేరారు. వాళ్లను నడిపించే తెల్ల ఆఫీసర్ పట్టుబడితే మరణశిక్ష వేయొచ్చని, ఆ నల్లజాతి సైనికులను దక్షిణాది రాష్ట్రాలకు అప్పగించాలని 1863 మేలో కాన్ఫెడరేట్ కాంగ్రెస్ తీర్మానించింది. నిన్నటి బానిసను ఆ రాష్ట్రాలకు అప్పగిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? వాళ్లనూ యుద్ధఖైదీలుగా చూడాల్సిందేనని లింకన్ పట్టుబట్టాడు. అది మొండితనమా? మెసేజ్‌లో ఆ సైనికుల ఊసే లేదు! విడుదలైనవాళ్లు మళ్లీ తుపాకీ పడతారు కాబట్టి మార్పిడి వద్దని 1864 ఆగస్టులో యూనియన్ సేనాని గ్రాంట్ రాసిన మాట నిజమే. కానీ అప్పటికి మార్పిడి చాలావరకు ఆగిపోయి ఏడాది దాటింది.

ఇక నేను యూనియన్‌ను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దక్షిణాది నగరం ఛార్లెస్టన్‌లో కాన్ఫెడరేట్లు తమ ఆఫీసర్లను ఫిరంగి గుళ్లు పడేచోట ఉంచారని, యూనియన్ 1864 సెప్టెంబరులో సుమారు 600 మంది కాన్ఫెడరేట్ ఆఫీసర్లను అక్కడికి దగ్గర్లోని మోరిస్ దీవిలో వాళ్ల సొంత పక్షం ఫిరంగులకే ఎదురుగా పెట్టింది. ఆ చలికాలం ఫోర్ట్ పులాస్కీ కోటలో వాళ్లకు మొక్కజొన్న పిండి, పచ్చళ్లతోనే సరిపెట్టింది. ఆ తిండితో వాళ్లకు స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) పట్టుకుంది. ఆకలితో పిల్లుల్ని కూడా తిన్నారు.