రెండు లక్షల హెడ్‌ఫోన్‌కి మన ఉక్కపోత ఏం తెలుసు?

హెడ్‌ఫోన్ రివ్యూలు చదివేవాళ్లకి ఈ లెక్క బాగా అలవాటే. సౌండ్‌కి 10కి 9, కంఫర్ట్‌కి 10కి 7, కిందన టోటల్. కప్పు వెనక తెరిచి ఉండే ఓపెన్-బ్యాక్ వాటికి ఈ లెక్క ఎంతో కొంత నడుస్తుందేమో గానీ వెనక మూసేసి ఉండే క్లోజ్డ్-బ్యాక్‌కి అస్సలు నడవదు. క్లోజ్డ్-బ్యాక్‌లో కంఫర్టే సౌండ్. తల మీద సరిగ్గా కూర్చోకపోతే లోపల ఏ డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) ఉన్నా ఒకటే, మీరు కట్టిన డబ్బుకి సగం పాటే వినిపిస్తుంది.

ఖరీదైన క్లోజ్డ్-బ్యాక్‌ల రేంజ్‌లో ఎవరెవరున్నారంటే. సోనీ ఎండీఆర్-జెడ్1ఆర్ 2016లో వచ్చింది, సెన్‌హైజర్ హెచ్‌డీ 820, డెనాన్ డీ9200 రెండూ 2018లో, ఫోకల్ స్టెలియా 2019లో, డాన్ క్లార్క్ స్టెల్త్ 2021లో. రేట్లు చూస్తే వచ్చినప్పుడు డెనాన్ 1,600 డాలర్లు, స్టెల్త్ 4,000 డాలర్లు, మిగతావన్నీ ఆ మధ్యలో. మన దాకా వచ్చేసరికి ఇంకో చార్జీ, ఇంకో టాక్సు. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో షాపుకెళ్లి ఇవి తలకి పెట్టి చూసి కొందామంటే కుదిరే పని కాదు, రివ్యూ చదివి ఆర్డర్ పెట్టడమే, అందుకే ఆ మార్కుల మీద నాకింత కోపం.

అసలు క్లోజ్డ్-బ్యాక్‌తో తంటా ఏంటంటే, డ్రైవర్ ముందుకి ఎంత శబ్దం కొడుతుందో వెనక్కీ అంతే కొడుతుంది. ఓపెన్‌లో అది బయటికి పోతుంది, ఇందులో కప్పు లోపలే ఇరుక్కుని తిరిగొచ్చి ముందు శబ్దంతో కలిసిపోతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి ఏకాండి వీణ చేస్తారు కదా, అక్కడ కుండ మోగాలి, మోగకపోతే అది వీణే కాదు. హెడ్‌ఫోన్ కప్పుది సరిగ్గా ఉల్టా, అది మోగిందంటే పాడైనట్టే. దీని కోసమే కంపెనీలు ఒక్కొక్కరూ ఒక్కో కుస్తీ పట్టారు. సెన్‌హైజర్ వాళ్లు కప్పు మీద వంపు తిరిగిన గొరిల్లా గ్లాస్ పెట్టి, వెనక శబ్దం అద్దానికి తగిలి పక్కనున్న, శబ్దాన్ని పీల్చేసే అబ్జార్బర్ల లోకి పోయేలా చేశారు. డాన్ క్లార్క్ వాళ్లు డ్రైవర్‌కీ చెవికీ మధ్యన మెటామెటీరియల్ అని సన్న సన్న సందులున్న ఒక ముక్క పెట్టి అనవసరమైన ట్రెబుల్ (సన్న, పై స్థాయి శబ్దం) మోతని అక్కడే మింగించేశారు. డెనాన్ వాళ్లు కొచ్చి వెదురు పట్టుకున్నారు, మన కొచ్చి కాదు, జపాన్‌లో ఉన్న కొచ్చి.

ఇంత చేసీ ఆఖర్న మొత్తం దేని మీద ఆధారపడిందయ్యా అంటే, చెవి చుట్టూ ఉన్న ఆ మెత్త, అదే ప్యాడ్, చర్మానికి గాలి చొరబడకుండా అతుక్కుందా లేదా అన్న దాని మీద. అతుక్కోకపోతే ముందు పోయేది బేస్.

కళ్లజోడు ఉన్నవాళ్లు ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. వీణ కచేరీ ఏదైనా పెట్టుకుని అన్నిటికన్నా కింది స్థాయిలో మోగే అనుమంద్రం తీగ మీటిన చోట ఆగండి. జోడు పెట్టుకునే వినండి, చెవి వెనక జోడు కాడ దగ్గర ప్యాడ్ కొంచెం లేచి ఉంటుంది, తీగ శబ్దం పల్చగా, దూరంగా వస్తుంది. ఇప్పుడు రెండు వేళ్లతో సరిగ్గా అక్కడే ప్యాడ్‌ని లోపలికి నొక్కండి, ఆ తీగ ఒక్కసారిగా బరువెక్కి దగ్గరకొచ్చేస్తుంది. వేలు తీస్తే మళ్లీ పోతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 820కి బేస్ పైభాగంలో గుంట ఉంటుందని, అంటే అక్కడి శబ్దాలు పల్చబడతాయని ఎప్పట్నుంచో పేరు, దాన్ని జోడుతో విన్నవాళ్లూ జోడు తీసి విన్నవాళ్లూ ఒకే హెడ్‌ఫోన్ గురించి మాట్లాడుతున్నట్టే ఉండరు. మరి ఆ 10కి 9 ఎవరి తలకి వేసిన మార్కు?

డమ్మీ తలకి వేసింది. గ్రాఫులు తీసే ఆ బొమ్మ తలలకి కళ్లజోడుండదు, జుట్టుండదు, మెడ నొప్పి రాదు, ముఖ్యంగా చెమట పట్టదు. మే నెలలో మా ఊళ్లో మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడు లెదర్ ప్యాడ్‌లున్న హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పావుగంటకి చెవి చుట్టూ తడి, ప్యాడ్ జారడం మొదలు, మీకు తెలీకుండానే చెయ్యి పైకెళ్లి కప్పు కదుపుతూ ఉంటుంది, కదిపిన ప్రతిసారీ సీల్ (ఆ గాలి చొరబడని అతుకు) పోయి సౌండ్ మారుతుంది. స్టెలియా దగ్గర నాకున్న పేచీ ఇదే. బెరీలియం డ్రైవర్, ఫోన్‌కి పెట్టినా గట్టిగా మోగేంత సెన్సిటివిటీ, మృదంగం దెబ్బ పడితే ఉలిక్కిపడతాం, అందులో మాటే లేదు. కానీ 435 గ్రాములు, చెవి చుట్టూ దళసరి లెదర్. పారిస్‌లో చలికాలానికి అది సుఖమే, మన భోగాపురం ఉక్కపోతకి కాదు. ఆడీజ్ ఎల్‌సీడీ-ఎక్స్‌సీ అయితే 677 గ్రాములు, దాన్ని తల మీద చూసి మా పిన్ని "ఏట్రా నాయనా, నెత్తి మీద ఆ బరువేటి" అంది, అంతకన్నా మంచి రివ్యూ నేను ఎక్కడా చదవలేదు.

దీనికి అవతలి వాళ్లు చెప్పేది కూడా వినాలి కాబట్టి చెప్తున్నా. రెండు లక్షలు పెట్టేవాడికి ఏసీ ఉండదా, కళ్లు మూసుకుని వింటాడు జోడు తీసి వినలేడా, రెండు నెలలు వాడితే ప్యాడ్ తలకి అలవాటైపోతుంది అంటారు. ప్యాడ్ అలవాటవడం నిజమే. ఏసీ మాటకొస్తే, చప్పుడు లేకుండా వినాలనే క్లోజ్డ్-బ్యాక్ కొంటున్నాం, మళ్లీ దాని కోసం ఏసీ మోత పెట్టుకోవాలా? ఇంక నాయిస్ క్యాన్సిలింగ్ వైర్‌లెస్ ముప్పై వేలకి వస్తుంది కదా అనేవాళ్లకి నా జవాబు, ప్రయాణానికి అదే కొనుక్కోండి, పాట వినడానికి మాత్రం కాదు.

నన్ను అడిగితే ముందు తూకం చూడండి, తర్వాత ప్యాడ్, ఆ తర్వాతే డ్రైవర్. జెడ్1ఆర్ 385 గ్రాములే, బిగింపు మెత్తగా ఉంటుంది, గంటలు గంటలు వినొచ్చు, బేస్ కొంచెం ఎక్కువైనా క్షమించేయొచ్చు. స్టెల్త్ 415 గ్రాములున్నా నెత్తి మీద ఒక్కచోటే నొక్కకుండా పట్టీ బరువుని పరుస్తుంది, సౌండ్‌లో దానికి పోటీ లేదు, కాకపోతే మంచి ఆంప్ (శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్) లేకపోతే గొంతు లేవదు. సొంత డబ్బు పెట్టి కొనమంటే మాత్రం నేను వీటన్నిటి కన్నా కింద మెట్టుకి దిగుతా. అదే డాన్ క్లార్క్ వాళ్ల ఏయాన్ 2 నోయిర్, 330 గ్రాముల లోపే, ప్యాడ్‌కి చిల్లులుంటాయి, వచ్చినప్పుడు వెయ్యి డాలర్ల లోపే. దానికీ ఆంప్ కావాలి. స్టెల్త్‌లో వినిపించే ఆఖరి పది శాతం ఇందులో ఉండదు, అయినా మూడో పాటకే తలనొప్పి వచ్చి తీసి పక్కన పెట్టేస్తే ఆ పది శాతం ఎవరు వింటారు?

ఇంక అసలు విషయం. మన దగ్గర క్లోజ్డ్-బ్యాక్ ఎందుకు కొంటారు? బయటి చప్పుడు తట్టుకోలేక. మరి ఇంత డబ్బు పెట్టి కొన్నది ఆ చప్పుడు ఆపుతుందా అంటే సగమే ఆపుతుంది. ప్రెషర్ కుక్కర్ విజిల్, టీవీ సీరియల్ ఏడుపులు తగ్గుతాయి. ఊరేగింపులో డీజే బాక్సుల దడదడ తగ్గదు, ఎందుకంటే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని మూడొందల గ్రాముల హెడ్‌ఫోన్ ఆపలేదు, ఇంటి గోడే ఆపలేకపోతోంది. దానికి మందు హెడ్‌ఫోన్ షాపులో లేదు, 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ రూల్స్‌లో ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు, ఇళ్ల మధ్యన పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పండగలకి అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఇవ్వండి, ఎవరూ కాదనరు. పుట్టినరోజుకీ, కొత్త బండికీ, ఎవరో నాయకుడు ఊళ్లోకి వచ్చినందుకూ రాత్రి పన్నెండింటికి కిటికీ అద్దాలు గడగడలాడాలా?

1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు మన విజయనగరం, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు పాఠం చెప్పిన ఊరు, ఘంటసాల చదువుకున్న ఊరు. అదే రూల్స్ ప్రకారం విద్యాసంస్థల చుట్టూ కనీసం 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి ఉంది, అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. మొదలెట్టేదేదో ఆ సంగీత కళాశాల దగ్గరే మొదలెట్టండి, బోర్డు పాతడంతో సరిపెట్టకుండా పోలీస్ స్టేషన్‌లో ఒక సౌండ్ మీటర్ (డెసిబెల్స్ కొలిచే పరికరం) కూడా ఉంచండి, మామూలు మీటర్ రేటు ఆ రెండు లక్షల హెడ్‌ఫోన్‌కి దగ్గరకి కూడా రాదు.