పలుపుకు బదులు పిలుపు

మా అన్నయ్య కూతురు ఎనిమిదో తరగతి చదువుతున్న హైదరాబాదు పాఠశాలవారు గత ఆగస్టు 29న తల్లిదండ్రులందరికీ ఒక శుభవార్త పంపించారు. ఇకమీదట పిల్లలు రాసే తెలుగు వ్యాసాలను కూడా, ఇంగ్లీషు వ్యాసాలతో సమాన హోదాలో, ఒక యాప్ దిద్దుతుందట. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన రోజు, అంటే తెలుగు భాషా దినోత్సవం కనుక, ఇది మాతృభాషకు తాము సమర్పించుకుంటున్న కానుక అని అందులో రాశారు. ‘మాత్రుభాష’ అని రాశారు లెండి. కానుకగా ఇచ్చినదానిలో వట్రుసుడి ఉందా లేదా అని వెతకడం మర్యాద కాదని నేను ఊరుకున్నాను.

పూర్వం కాంపోజిషన్ పుస్తకాలు కట్టకట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్ళి, వారం పదిరోజులు అక్కడే మకాం చేసి, ఎర్ర సిరా గాయాలతో, ఒకటీ అరా కాఫీ మరకతో తిరిగివచ్చేవి. ఇప్పుడా ఆలస్యం లేదు. విద్యార్థి వ్యాసం టైపు చేసి మీట నొక్కితే నాలుగు సెకన్లలో పదికి ఎన్ని మార్కులో, ఏ మాట తప్పో, దాని బదులు ఏ మాట వాడాలో తేలిపోతుంది. మార్కులు తొమ్మిది దాటితే తెర మీద ఒక నక్షత్రం గిరగిరా తిరుగుతుంది. మా మాస్టారు ఎంత మంచి వ్యాసానికైనా ఏనాడూ అలా తిరిగిన పాపాన పోలేదు.

ఆ పిల్లకు ఇచ్చిన అంశం ‘నేను మరువలేని రోజు’. తరతరాలుగా తెలుగు పిల్లలు ఈ అంశం మీద తాము వెళ్ళని విహారయాత్రల గురించి రాస్తూ వచ్చారు. ఇది మాత్రం, లోకం తీరు తెలియనిది కనుక, నిజంగా మరువలేని రోజు గురించి రాసింది. సంక్రాంతి సెలవుల్లో గుంటూరు వైపు మా ఊళ్ళో వాళ్ళ తాతయ్య గేదెను అమ్మేసిన రోజది. ‘గేదెను తోలుకుపోయాక తాతయ్య పలుపు చేతిలో పట్టుకుని కొట్టం ముందు చాలాసేపు నిలబడ్డాడు. నానమ్మ పిలిచినా రాలేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని, అది కుడితి తాగిందో లేదోనని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.’ పదికి ఆరు మార్కులు.

యాప్ ఎర్రగీతలు గీసింది. ‘పలుపు’ అనే మాట లేదు, ‘పిలుపు’ అని ఉండాలి. ‘కొట్టం’ తప్పు, ‘కొట్టాం’ ఒప్పు. ‘కుడితి’కి బదులు ‘కుదిరితే’. ‘లేదోనని’ అన్నది ఏ భాషా కాదు కనుక ‘లేదు’ అంటే సరిపోతుంది. విధేయురాలైన విద్యార్థిని అన్నింటికీ సరేనని నొక్కింది. తాతయ్య పిలుపు చేతిలో పట్టుకుని కొట్టాం ముందు నిలబడ్డాడు. గేదె కుదిరితే తాగిందో లేదు. మార్కులు ఏడుకు పెరిగాయి.

పిమ్మట యాప్, నీ రచనలో విశేషణాలు కొరవడ్డాయి, వర్ణన పెంచు అని సలహా ఇచ్చింది. అందమైన గేదె వచ్చింది, అద్భుతమైన కొట్టాం వచ్చింది, ఇంకొకటి కావాలంటే సువిశాలమైన నానమ్మ వచ్చింది. (ఈ చివరి విశేషణాన్ని నేను ఇంతవరకూ మా అమ్మ చెవిన వేయలేదు.) ఎనిమిది. వాక్యాల మధ్య అనుసంధానం చాలదన్నది. ‘తత్ఫలితంగా నానమ్మ పిలిచింది. అంతేకాకుండా తాతయ్య రాలేదు.’ ఎనిమిదిన్నర. చిట్టచివర, మీ రచనా స్వరం నిరాశాజనకంగా ఉంది, సానుకూలంగా ముగించండి అన్నది. పిల్ల ఒక్క నిమిషం ఆలోచించి, తాతయ్య చేత కడుపునిండా భోజనం చేయించి, గేదెను కొత్త యజమాని ఇంట సుఖంగా జీవింపజేసింది. తొమ్మిదిన్నర. నక్షత్రం తిరిగింది. ‘అద్భుతం! మీరు పుట్టు రచయిత!’

తల్లిదండ్రుల సమావేశానికి అన్నయ్యకు వీలుపడక నేను వెళ్ళాను. గోడ మీద వెలుగుతున్న రంగుల పటంలో మా పిల్ల రచనా నైపుణ్యం ఆరు మార్కుల నుంచి తొమ్మిదిన్నరకు నిచ్చెన ఎక్కుతూ కనిపించింది. ఇదంతా పూర్తిగా శాస్త్రీయమని నిర్వాహకులు సెలవిచ్చారు. కాదనలేను. ఈ శాస్త్రానికి చాలా చరిత్ర ఉంది. అమెరికాలో ఎలిస్ పేజ్ అనే ఆచార్యుడు 1966లోనే యంత్రం చేత వ్యాసాలు దిద్దించవచ్చని చాటాడు. ఆ యంత్రం చదివేది కాదు, లెక్కపెట్టేది. వ్యాసం ఎంత పొడుగు, మాటలు ఎంత పొడుగు, కామాలు ఎన్ని అన్నవే దానికి సాహిత్య లక్షణాలు. 2014లో మసాచుసెట్స్ విద్యాసంస్థ ఎంఐటీకి చెందిన లెస్ పెరెల్మన్ ఒక చిలిపి పని చేశాడు. రెండు మూడు మాటలు అందిస్తే చాలు, తలాతోకా లేని వ్యాసాన్ని గంభీరమైన పదాలతో అల్లిపెట్టే యంత్రాన్ని కొందరు విద్యార్థులతో కలిసి తయారుచేసి, అది కక్కిన వ్యాసాలను దిద్దే యంత్రాలకు సమర్పించాడు. ఘనమైన మార్కులు పడ్డాయి. రాసినవాడికీ అర్థం కాక, దిద్దినవాడికీ అర్థం కాక, ఇద్దరూ తృప్తిపడిన సాహిత్య సభలు మన ఊళ్ళలోనూ లేకపోలేదు కాని, అక్కడ కనీసం ఉప్మా పెడతారు.

ఇంగ్లీషు మాటలకు ఇంత జరిగితే తెలుగు సంగతి చెప్పేదేముంది? నిఘంటువులో మాటలు విడివిడిగా మర్యాదగా కూర్చుంటాయి, మన నోట అవి ఒకదానినొకటి పట్టుకుని వస్తాయి. లేదు, ఓ, అని. ఈ మూడింటినీ కలిపి ‘లేదోనని’ అనడానికి పల్లెటూరి పిల్లకు నిద్రమత్తు కూడా అడ్డం రాదు. 1858లో బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరిగారు సంజ్ఞలు చెప్పీచెప్పగానే సంధులకు దిగింది అందుకే. ఆ అతుకు తెలియని యాప్‌కు తెలుగు వాక్యం ఎర్రగీతల మీద నడిచే రైలులా కనిపిస్తుంది. అయినా పలుపూ కుడితీ ఏ సంధీ లేని మాటలే కదా అని నేను అడిగాను. అవి ప్రామాణిక పదజాలంలో లేవని, వాడుక మాటలని నిర్వాహకులు వివరించారు. గిడుగువారి పుట్టినరోజు కానుక అన్నమాట.

ఆయన జీవితమంతా పోరాడింది జనం నోట నలిగే మాటను బడిలోకి రానివ్వమనే. గ్రాంథిక భాష పక్షాన నిలిచిన జయంతి రామయ్య పంతులుగారు రానివ్వనన్నారు. ఆ పంతులుగారి వాదం నాకు నచ్చదు, కాని ఆయన చదివి కాదన్నారు. ఎదుటివాడు ఏమంటున్నాడో తెలిసి కాదన్నారు. ఇప్పుడు ఆ మాత్రం శత్రువు కూడా దొరకడం లేదు.

ఇంతవరకూ మర్యాదగానే రాశాను, ఇక నావల్ల కాదు. ఆ తాతయ్య మా నాన్న. గేదెను అమ్మిన మర్నాడు నేను ఫోన్ చేస్తే ‘మంచి ధరే పలికిందిరా, పీడా పోయింది’ అన్నాడు. నేను నమ్మి ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి ఆయన అన్నం తినకుండా లేచాడని నాకు ఎవరూ చెప్పలేదు. పదమూడేళ్ళ పిల్ల ఒక్కతే చూసింది, చూసినది చూసినట్టు రాసింది. అటువంటి వాక్యం రాయడానికి ముప్ఫయ్యేళ్ళుగా తంటాలు పడుతున్నవాణ్ణి నేను. దాన్ని ఒక్క మనిషీ చదవలేదు! దిద్దిన యంత్రం చదవలేదు, మార్కులు చూసి మురిసిన నిర్వాహకులు చదవలేదు, రంగుల పటం గీసినవాళ్ళు చదవలేదు. పైగా ఆ పిల్ల చేతనే ఆ వాక్యాన్ని చెరిపించారు. మా నాన్న చేత బలవంతాన అన్నం తినిపించి, దానికి మూడున్నర మార్కులు లంచం ఇచ్చారు. ఫీజు తీసుకుని మరీ పిల్లకు అబద్ధం నేర్పడాన్ని మీరు ఫీడ్‌బ్యాక్ అంటున్నారా? సిగ్గులేదా?

తెలుగు టీచరుగారిని నేను ఒక్క మాట అనలేదు. ఆవిడకు నాలుగు సెక్షన్లు, సెక్షనుకు నలభై అయిదు మంది. ఒక్కో వ్యాసానికి అయిదు నిమిషాలు కేటాయించినా ఒక్క అంశానికి పదిహేను గంటలు. ఆ పదిహేను గంటలకు జీతం ఇవ్వడం కన్నా యాప్‌కు చందా కట్టడం చౌక. అసలు రహస్యం అంతే, మిగతాదంతా నక్షత్రం తిరగడం. గదిలో అందరూ వెళ్ళిపోయాక ఆవిడ నా దగ్గరకు వచ్చి, మొదట రాసిన ప్రతి ఇంట్లో ఉంటే పంపించగలరా, చదవాలని ఉంది అని మెల్లగా అడిగారు. 

ఇంటికి వచ్చి రఫ్ నోటుపుస్తకం వెతికించాను. పెన్సిలుతో రాసింది ఉంది. మొత్తం చదివి, గేదెకు పేరేమీ లేదా అని అడిగాను.

“ఎందుకు లేదు బాబాయ్, చుక్కి” అన్నది. “ముందు రాశాను. యాప్ ‘చెక్కి’ అని మార్చమంది, అది బాగాలేదని తీసేశాను.”