సవరణ: వ్యాన్ రిపోర్టు ఒక్కటే సరిపోదు

కల్తీ పాలపై మొన్నటి పోస్టులో "మొబైల్ ల్యాబ్ వ్యాన్‌లో తేడా కనబడితే చాలు, వ్యాపారిపై కేసే" అని ఉంది. అది సరికాదు. వ్యాన్‌లో చేసేది ప్రాథమిక పరీక్ష. కేసు దాకా వెళ్లాలంటే ఫుడ్ సేఫ్టీ అధికారి పద్ధతి ప్రకారం శాంపిల్ తీయాలి: నాలుగు భాగాలు చేసి, పాలైతే పాడవకుండా ఫార్మలిన్ చుక్కలు వేసి, సీలు కొట్టి, ఒక భాగం ఫుడ్ అనలిస్టుకు (ప్రయోగశాలలో ఆహారాన్ని పరీక్షించే అధికారికి) పంపాలి. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రయోగశాల నాచారంలో ఉంది. రిపోర్టుకు గడువు 14 రోజులు.

ఇంకోటి. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ కింద కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే ఆ సంగతి కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి (ఇదెక్కడి తిరకాసో!). రిపోర్టులో ఉల్లంఘన తేలితే ఫీజు వాపసు ఇస్తారు.