మూడు రోజులుగా గాలి మింగిన మనిషి

అమ్మ కుట్టుపెట్టెలో సూది కోసం వెతుకుతూ నాన్న ఆ పొట్లం బయటికి లాగారు. అక్కడ మొదలైంది.

నాన్న: ఏమిటివి?

అమ్మ: క్యాప్సూళ్ళు.

నాన్న: అది కనబడుతూనే ఉంది. లోపల మందేది?

అమ్మ: లేదు. ఖాళీవి.

నాన్న: తీసేశావన్నమాట! అందుకే మూడు రోజులుగా మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ళలో పోటు. నిన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కూడా గుర్తు రాలేదు.

అమ్మ: కళ్ళజోడు సంగతి పెళ్ళైనప్పటి నుంచీ మీకు గుర్తుండదు. అప్పుడు ఏ మందు తీశాను?

నాన్న: మాట మార్చకు. మూడు రోజులుగా నేను గాలి మింగుతున్నాను!

అమ్మ: వీటిని ఖాళీగానే అమ్ముతారండీ. సీసాలు చేద్దామని తెప్పించాను.

నాన్న: మందు సీసాలా?

అమ్మ: బొమ్మ సీసాలు, వేలి కొసంతవి. ఈ పొడుగు ముక్క సీసా, పొట్టిది మూత. మూతతో మనకు పని లేదు. అడుగు గుండ్రంగా ఉంటుంది కనుక నిలబడదు. సిలికోన్ చాప మీద ఒక బొట్టు రెజిన్, అంటే అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే జిగురు ద్రవం, వేసి, అందులో నిలబెట్టి, ఆ కాంతినిచ్చే యూవీ దీపం కింద పెడితే పీఠం గట్టిపడుతుంది. ఆపైన రంగు కలిపిన రెజిన్ పొరలు పొరలుగా పోయాలి. ఒక్కసారే నింపేస్తే పైన గట్టి, లోపల జిగురు.

నాన్న: పైన గట్టి, లోపల జిగురు. ఎవరినో అంటున్నట్టుంది.

అమ్మ: మిమ్మల్ని కాదులెండి. మీకు పైన కూడా జిగురే.

నాన్న: ఇదిగో, పొట్లం మీద సున్నా అని రాసి ఉంది. అంటే మందు సున్నా!

అమ్మ: అది సైజు. రెండు సున్నాలది దీనికన్నా పెద్దది, మూడు సున్నాలది ఇంకా పెద్దది. 5 నంబరుది దీనిలో సగం పొడవుంటుంది.

నాన్న: సున్నాలు పెరిగితే పెద్దదవుతుందా? ఇదేమి లెక్క?

అమ్మ: మీరు రాసే ఇంటిఖర్చు లెక్క లాంటిదే.

(గొడవ ఇక్కడ ఆగిపోవాలి. నాన్న ఆపితేగా!)

నాన్న: ఇప్పుడే డాక్టరుకు ఫోను చేస్తాను.

అమ్మ: చేయండి. మీరు మింగేది క్యాప్సూలు కాదు, బిళ్ళ అని ఆయనే చెప్తారు.

నాన్న: ...బిళ్ళా?

అమ్మ: తెల్లటి గుండ్రటి బిళ్ళ. దాన్ని ఎలా ఖాళీ చేశానంటారు, తొలిచా?

నాన్న: నీ చేతులకు కానిదేముంది.

అది తిట్టో పొగడ్తో తేల్చుకోవడానికి అమ్మకు క్షణం పట్టింది.

నాన్న: మరి మోకాళ్ళ పోటు?

అమ్మ: అది వయసు. తీసేయడం నా వల్ల కాదు. అయ్యో, తడి చేత్తో ముట్టకండి! క్యాప్సూలు పెంకు జిలటిన్‌తో చేసింది, తడి తగిలితే మెత్తబడిపోతుంది. అందుకే పైన కూడా రెజిన్ పూత వేసేది. ఆ కిటికీ తెరిచి, చేతికి తొడుగులు వేసుకోండి. గట్టిపడని రెజిన్ మీ చర్మానికి తగిలితే దద్దుర్లు లేస్తాయి, మళ్ళీ నా ప్రాణానికే.

నాన్న: నేనెందుకు వేసుకోవాలి?

అమ్మ: పట్టకారుతో దీన్ని దీపం కింద పట్టుకోవాలి కనుక. కదపకుండా 60 లెక్కపెట్టండి.

నాన్న: ఒకటి, రెండు, మూడు... పదిహేడు, పద్దెనిమిది... అయినా మూడు సున్నాలది పెద్దదెలా అవుతుందే?

అమ్మ: ఎంతదాకా వచ్చారు?

నాన్న: ...సున్నా.