దానిమ్మ తొక్క సారం: ప్లేటులో బతికిన కణం చర్మానికి హామీ కాదు

అనంతపురం దానిమ్మలో గింజకు ధర పలుకుతుంది, తొక్క దిబ్బకు పోతుంది. ఆ తొక్కలో ప్యూనికాలజిన్, ఎలాజిక్ ఆమ్లం అనే పాలీఫినాల్స్ దండిగా ఉంటాయి. ఎండలోని యూవీ-బీ కిరణాల దెబ్బ నుంచి మనిషి చర్మకణాలను ఈ తొక్క సారం కొంతవరకు కాపాడుతుందని ప్రయోగాల్లో కనిపించింది. సరుకు మన దగ్గరే ఉంది కాబట్టి ఈ పని ఇక్కడ జరగాల్సిందే. అయితే చేసే పరీక్ష గట్టిగా ఉండాలి.

ఈ పరీక్షల్లో ఎక్కువగా వాడేవి హాకాట్ కణాలు, అంటే ల్యాబులో ఎడతెగక పెరిగే మనిషి చర్మకణాలు. వాటికి 24 గంటలు సారం పట్టించి, చదరపు సెంటీమీటరుకు 20-30 మిల్లీజౌళ్ల యూవీ-బీ ఇచ్చి, మర్నాడు ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థం వేస్తారు. బతికున్న కణం ఆ పసుపు రంగును ఊదాగా మారుస్తుంది. ఊదా ఎంత చిక్కగా ఉంటే అన్ని కణాలు బతికినట్టు లెక్క. తప్పు దొర్లేది ఇక్కడే. పాలీఫినాల్స్ కణంతో పని లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చేయగలవు. కణాలు చచ్చిన గుంట (కణాలను పెంచే ప్లేటులోని చిన్న గుంత) కూడా బతికినట్టే కనిపిస్తుంది. అందుకే ఎంటీటీకి ముందు పీబీఎస్‌ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడగాలి, కణాలు లేని గుంటల్లో సారం ఒక్కటే వేసి రంగు చూడాలి. ఈ గుంటల లెక్క చూపని ఫలితాన్ని నమ్మడం కష్టం.

కిరణాలు పడే వేళ సారం గుంటలోనే ఉంటే అది గొడుగులా అడ్డుపడుతుంది, కణం లోపల ఏ రక్షణా జరగకపోయినా సరే. దాన్ని తీసేసి, పలుచని పీబీఎస్ పొర కింద కిరణాలివ్వాలి. సారాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటకుండా చూసుకుని, అదే మోతాదు సారం వేయని కంట్రోల్ గుంటల్లోనూ వేయాలి. పైగా హాకాట్ కణాల్లో పీ53 జన్యువు ముందే దెబ్బతిని ఉంది. యూవీ గాయానికి కణం స్పందించే తీరులో కీలకమైన జన్యువు అదే. కాబట్టి నేరుగా చర్మం నుంచి తీసిన కెరటినోసైట్లలో (పైచర్మపు కణాల్లో) మళ్లీ చూడక తప్పదు.

తొక్క సంగతీ తేలిక కాదు. మచ్చ తెగులుకు మన తోటల్లో బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు. ఆ రాగి తొక్కమీదే నిలుస్తుంది, మోతాదు మించితే కణాలకు విషం. కాయను బాగా కడిగి, తొక్కను నీడన ఆరబెట్టి పొడి కొట్టాలి. ఒక పాలు పొడికి పది పాళ్లు 70 శాతం ఇథనాల్ పోసి నానబెట్టి, వడకట్టి, 40 డిగ్రీల దగ్గర తక్కువ పీడనంలో ఆవిరి చేయాలి. చివర్లో రాగి, పురుగుమందుల అవశేషాలు కొలిపించాలి.

ఇంత చేసినా పైచర్మం అడ్డు ఉండనే ఉంది. 500 డాల్టన్లు (అణువు బరువు కొలమానం) దాటిన అణువు దాన్ని చొచ్చుకుపోవడం కష్టం, ప్యూనికాలజిన్ 1,084. ఎలాజిక్ ఆమ్లం 302 అయినా నీటిలో సరిగా కరగదు. ప్లేటులో మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు పనిచేసిందంటే, క్రీము రాస్తే అంత లోపలి కణానికి చేరుతుందని కాదు. క్రీము అమ్మేవారు ముందు ఫ్రాంజ్ సెల్‌లో, అంటే చర్మం ముక్క గుండా మందు ఎంత దిగుతుందో కొలిచే పరికరంలో, ఆ చేరికను కొలిచి చూపాలి.