ఈ-సీవీటీ గారికి ఒక మొర

మహారాజశ్రీ ఈ-సీవీటీ గారికి,

1997 డిసెంబరులో టయోటా వారి హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనూ, ఎలక్ట్రిక్ మోటార్లూ కలిసి నడిపే) కారు తొలి ప్రియస్‌తో జపాన్‌లో రోడ్డెక్కింది మొదలు తమరు గేర్‌బాక్సుగా చెలామణి అవుతున్నారు. ఇప్పుడు మన హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్లలోనూ తమరే. పేరులో సీవీటీ అని ఉంది గానీ, మూత విప్పితే మామూలు సీవీటీ గేర్‌బాక్సులో ఉండే బెల్టు లేదు, పుల్లీ లేదు, మార్చడానికి ఒక్క గేరూ లేదు. రివర్స్ గేరైనా లేదు. మోటారు అటు తిరిగితే బండి వెనక్కి, అంతే.

ఉన్నదల్లా ఒక ప్లానెటరీ సెట్టు, అంటే సూర్యుడి చుట్టూ గ్రహాల్లా అమర్చిన పళ్ల చక్రాలు. ప్రియస్‌లో నడుమ 30 పళ్ల సన్, చుట్టూ 78 పళ్ల రింగు, మధ్యలో ప్లానెట్లను మోసే క్యారియర్. క్యారియర్‌కు ఇంజన్, రింగుకు చక్రాలూ పెద్ద మోటారూ, సన్‌కు ఎంజీ1 అనే, కరెంటు కూడా పుట్టించే చిన్న మోటారు. ఇంజన్ టార్కులో, అంటే తిప్పే బలంలో, రింగు వాటా 72 శాతం, సన్ వాటా 28. ఈ పంపకాలు పళ్ల లెక్కతోనే తేలిపోయాయి, ఏ పెద్దమనిషి వచ్చినా మారవు. మారేవి వేగాలే, ఆ పగ్గం ఎంజీ1 చేతిలో ఉంది. అది సన్‌ను అదిమిపట్టకపోతే ఇంజన్ ఎంత అరిచినా చక్రానికి బలం చేరదు. పట్టినప్పుడు పుట్టే కరెంటు పెద్ద మోటారుకు పోయి, మళ్లీ చక్రాలకే చేరుతుంది. ఇంజన్‌ను స్టార్ట్ చేసేదీ ఎంజీ1నే. చాకిరీ దానిది, బ్రోచర్లో పేరు తమది!

బండి నిలబడి ఇంజన్ 1000 ఆర్‌పీఎంలో ఉంటే ఎంజీ1 3600లో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేయగలదు. అదేమీ చెప్పరు కాబట్టి జనం సిగ్నల్ దగ్గర పాత అలవాటుగా ఎన్‌లో (న్యూట్రల్‌లో) పెడతారు. ఎన్‌లో రెండు మోటార్లూ చేతులెత్తేస్తాయి. సన్‌ను పట్టేవాడుండడు, చార్జింగ్ ఉండదు, ఏసీ మాత్రం బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. డీలో (డ్రైవ్‌లో) ఉంచి బ్రేకు తొక్కితే సరిపోయేది.

తిరుమల ఎక్కేటప్పుడు "ఇంజన్ అరుస్తోంది, బండి లాగట్లేదు, క్లచ్ జారుతోందేమో" అంటారు. జారడానికి క్లచ్ ఉంటేగా! దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోతే మోటారు కరెంటు పుట్టిస్తూ బండిని ఆపే బ్రేకింగుకు చోటుండదు. లివర్ మీద బీ (ఇంజన్ బ్రేకింగు స్థానం) ఉంటే అందులో వేయాలి; ఎంజీ1 పెట్రోలు లేకుండానే ఇంజన్‌ను తిప్పి ఆ కరెంటు ఖర్చుపెడుతుంది. ముందు చక్రాలు నేలమీద పెట్టి లాక్కెళ్తే మోటారు తిరిగి కరెంటు పుడుతుందని కూడా చెప్పరు. ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించాలి.

తమ పేరు చేసిన అసలు ఘనకార్యం వర్క్‌షాపులో చూడాలి. "సీవీటీ" అన్న మూడక్షరాలు చూసి బెల్టు సీవీటీ ఆయిల్ పోసేస్తారు. రెండో తరం ప్రియస్ అడిగేది టయోటా డబ్ల్యూఎస్ ఏటీఎఫ్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్. ఆ ఆయిల్ మోటారు చుట్లను తడుపుతూ చల్లబరచాలి. లేని బెల్టుకు పట్టునిచ్చే ఆయిల్ తమరేం చేసుకుంటారు?

ఇట్లు,
డ్రెయిన్ ప్లగ్ విప్పుతున్న తమ విధేయులు