ఇన్సూరెన్స్ ఉంటే ఇన్‌హేలర్ ఫ్రీ అట!

"అమెరికాలో ఇన్‌హేలర్ పాతికవేలు, ఇన్సూరెన్స్ ఉంటే ఫ్రీ. మీరూ పాలసీ కట్టండి, రూపాయి ఖర్చుండదు. లేనివాళ్లు బిళ్లలు వాడండి. మందు అదే, పంపుకు అలవాటు పడిపోరు. పైగా పంపు చలవ చేసి కఫం పడుతుంది."

అమలాపురం నుంచి భీమవరం దాకా ఉన్న చుట్టాలందరూ నాకిదే పంపుతున్నారండి. రాసిందెవరని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

పాతికవేలన్నది అబద్ధం కాదు. 2024లో అడ్వెయిర్ అనే ఆస్తమా ఇన్‌హేలర్ అక్కడ 319 డాలర్లు, బ్రిటన్‌లో 26. మరి ఫ్రీ ఎక్కడిది? డిడక్టబుల్ (కంపెనీ చెల్లించేముందు మనమే పెట్టుకోవాల్సిన మొత్తం) తీరేదాకా చాలామంది పాలసీదార్లు చేతి డబ్బే పెట్టుకోవాలి. అక్కడి సెనేట్ కమిటీ నిలదీశాక మూడు ఇన్‌హేలర్ కంపెనీలు నెలకి 35 డాలర్లు మించి వసూలు చెయ్యబోమన్నాయి. తమాషా ఏంటంటే, ఆ మాట ఇన్సూరెన్స్ లేనివాళ్లకీ వర్తిస్తుంది. మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్న ముసలివాళ్లకి మాత్రం వర్తించదు.

ఇక్కడి పాలసీలు మామూలుగా ఆస్పత్రి మంచం ఎక్కితేనే పలుకుతాయి. ముందే ఆస్తమా ఉంటే మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. ప్రభుత్వ వైద్యసేవ కార్డూ మందుల షాపులో చెల్లేది కాదు.

చలవ గురించి నేను మాట్లాడను.

నాకు మండేది బిళ్లల దగ్గర. ఆయాసం వచ్చినప్పుడు ఊపిరి గొట్టాలు తెరిచే మందు సాల్బుటమాల్. దాని పంపు ఒక్క నొక్కుకి 100 మైక్రోగ్రాములు. బిళ్ల 4 మిల్లీగ్రాములు. లెక్క రాని మహానుభావులకి నేనే చెబుతాను: నలభై నొక్కులు! అదీ తిన్నగా ఊపిరితిత్తులకి వెళ్లకుండా ఒళ్లంతా తిరిగొస్తుంది. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పనికెళ్లే మా పిన్ని ఈ మెసేజ్ నమ్మి, రోజూ వాడే స్టెరాయిడ్ పంపు మానేసింది. కొంగు ముడి విప్పి బిళ్లల స్ట్రిప్పు చూపిస్తుంటే చెయ్యి గజగజ వణుకుతోంది, పిల్లికూతలు వీధి అరుగు దాకా వినబడుతున్నాయి. ఊపిరి గొట్టాల వాపు తగ్గించేది ఆ స్టెరాయిడ్ పంపే. సాల్బుటమాల్ బిళ్లయినా, పంపయినా ఆ పని చెయ్యదు. ఒక్క సాల్బుటమాల్ మీదే బండి లాగించొద్దని 2019 నుంచీ అంతర్జాతీయ మార్గదర్శకాలు మొత్తుకుంటున్నాయి. "అదే మందు" అట! పంపుకు అలవాటు పడిపోతారట! బీపీ బిళ్ల రోజూ మింగేవాణ్ణి అలవాటు పడ్డాడని ఎవరూ అనరేం?

పంపు ఖరీదనే ముచ్చటా చూద్దాం. 200 నొక్కుల సాల్బుటమాల్ పంపు రెండొందలకి అటూ ఇటూ. నొక్కు రూపాయి.

స్టెరాయిడ్ పంపుకి కొన్ని వందలవుతుంది, కూలి డబ్బుల్లో అది బరువే. ఆస్పత్రిలో పడితే వేలు కట్టే పాలసీ, పడకుండా ఆపే ఆ వందలు ఇవ్వకపోవడం మాత్రం నిజంగా అన్యాయం. పిన్నికి జనౌషధి షాపులో అడగమని చెప్పాను. మెసేజ్ రాసినాయన పాలసీ ఏజెంటే అయితే, ఈసారి ఓపీ కవర్ (ఆస్పత్రిలో చేరకుండా అయ్యే ఖర్చులిచ్చేది) ప్రీమియం ఎంతో కూడా రాసి పంపమనండి.